హవాయిలో ఏ దీవికి? ముందు కారులో ఎవరున్నారో చెప్పండి

(అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మా తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో 2025 సెప్టెంబరులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? చెయ్యెత్తారు, సంతోషం.

2016లో మొదటిసారి హవాయికి టిక్కెట్లు కొన్నాం. అప్పుడు మా అమ్మా నాన్నా తణుకు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. హవాయి వెళ్తున్నామమ్మా అంటే ఆవిడ అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? ‘ఏవిట్రా, చెప్పుల హవాయా?’ అని. నవ్వకండి. మీలో ఎంతమందికి ఆ చెప్పుల కంటే ముందు ఆ దీవుల సంగతి తెలుసు? మనందరం తెల్ల అట్ట, నీలం పట్టీ హవాయి చెప్పులు తొడుక్కుని పెరిగినవాళ్ళమే. పట్టీ ఊడితే పిన్నీసు పెట్టుకుని బడికెళ్ళినవాళ్ళమే. తమాషా ఏమిటంటే, అక్కడివాళ్ళు కూడా పొద్దస్తమానం అవే వేసుకుంటారు. ఎవరింటికెళ్ళినా గుమ్మం బయట విప్పేసి లోపలికెళ్తారు. మా అమ్మ అది చూసి, ‘వీళ్ళకి పద్ధతి తెలుసురా’ అంది.

సరే, అసలు మన వాళ్ళు హవాయి మీద ఎందుకు పడతారు? బీచ్‌ల కోసం అంటారు. నేను నమ్మను. అసలు కారణం నాకు తెలుసు, మీకూ తెలుసు. పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ అక్కర్లేదు! హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి మెక్సికో వెళ్ళాలంటే టెన్షన్, ఇండియా వెళ్ళాలంటే ఇంకా టెన్షన్. హవాయి 1959లో యాభయ్యో రాష్ట్రం అయింది కాబట్టి, ఐదు గంటల పైన సముద్రం మీద ఎగిరినా దేశం దాటినట్టు కాదు. విదేశం వెళ్ళినంత సరదా, ఇమిగ్రేషన్ క్యూ లేదు. ఇంతకంటే ఏం కావాలి?

అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ‘అన్నా, ఏ దీవి బెస్టు?’ తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి నన్ను అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను. కారులో ఎవరెవరు కూర్చుంటున్నారు? ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరికి కారు తిరిగితే వాంతులు, ఎవరికి ఈత రాదు? అది చెప్పండి, దీవి నేను చెబుతాను. అది చెప్పకుండా బెస్టు దీవి ఏదంటే, పెళ్ళికొడుకెవరో చెప్పకుండా చొక్కా కొలతలు అడిగినట్టు ఉంటుంది.

నా మొదటి ట్రిప్పులో నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. ఏం చేశానో చెబుతాను, మీరు చెయ్యకండి. ఆరు రోజులు, మూడు దీవులు. ఒవాహు రెండు రాత్రులు, మావీ రెండు రాత్రులు, బిగ్ ఐలాండ్ రెండు రాత్రులు. మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో, డబ్బులు పెట్టి వచ్చాం కదా, అన్నీ చూసేద్దాం అని. మనకి ఈ జబ్బు ఉంది. తిరుపతి వెళ్తే అదే ఊపులో కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా అయిపోవాలి. అక్కడ పర్వాలేదు, రోడ్డు ఉంది. ఇక్కడ మధ్యలో సముద్రం ఉంది. మావీకి, లనాయి అనే చిన్న దీవికి మధ్య ఒక్క పడవ తప్పిస్తే దీవికీ దీవికీ మనం ఎక్కే పడవలు లేవు, విమానమే. విమానం నలభై నిమిషాలే కదా అనుకుంటాం. లెక్క వెయ్యండి. పొద్దున్నే పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, కారు తిరిగిచ్చేయాలి, సెక్యూరిటీ, నలభై నిమిషాల విమానం, మళ్ళీ కారు కోసం లైను, మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో గది తాళం చేతికిస్తారు. అప్పటికి మా నాన్న లాబీలో కుర్చీలోనే నిద్రపోయేవారు. దీవి మారిన ప్రతిసారీ ఒక పూట కాదండీ, ఒక రోజు పోయింది.

అందులో నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది ఒకటుంది. బిగ్ ఐలాండ్‌లో కిలవేయా అగ్నిపర్వతం ఉంది. 2016లో ఆ బిలంలో లావా చెరువు ఉండేది. నిజంగా చెరువే, సలసలా మరిగే చెరువు. 2008 నుంచి ఉంది. మేం మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాం. పగటిపూట ఏం కనబడుతుంది? పొగ. పక్కనున్న పార్కు రేంజరమ్మ చెప్పింది, చీకటి పడేదాకా ఉండండి, ఆకాశమంతా ఎర్రబడుతుంది అని. మా గది కోనాలో, కొండ దిగి రెండు గంటల పైన ప్రయాణం. మర్నాడు పొద్దున్నే విమానం. ఇంకోసారి చూద్దాంలే అని వచ్చేశాం. 2018లో ఆ కొండ పగిలింది. ఊళ్ళ మధ్యలోంచి లావా వచ్చి ఏడు వందల దాకా ఇళ్ళు పోయాయి. ఆ చెరువు మొత్తం ఇంకిపోయింది. మేం నిలబడి పొగ చూసిన మ్యూజియం కూడా ఆ భూకంపాలకి బీటలు పడి మూతపడింది. 2019లో పట్టుబట్టి మళ్ళీ వెళ్ళాను. ఏముందో తెలుసా బిలంలో? నీళ్ళు! అగ్నిపర్వతం చూపిస్తానని పిల్లల్ని తీసుకెళ్ళి నీళ్ళ గుంట ఫోటో చూపించాను. మా చిన్నాడు, ‘నాన్నా, ఇది మన ఇంటి దగ్గర పార్కులో కూడా ఉంది’ అన్నాడు.

అందుకే చెబుతున్నాను. వారం రోజులుంటే ఒక్క దీవి. పది రోజులుంటే రెండు. మన దగ్గర్నుంచి ఒవాహు, మావీ, బిగ్ ఐలాండ్, కవాయి, ఈ నాలుగు పెద్ద దీవులకీ నేరుగా విమానాలున్నాయి, ఒవాహులోని హోనొలులూ మీదుగా పోవాలన్న రూలేమీ లేదు.

ఇప్పుడు ఆ దీవుల పుట్టుక కాస్త చెబుతాను. సైన్సు క్లాసు అనుకోకండి, ఇది తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. కుట్టు మిషను చూశారు కదా. సూది ఉన్నచోటే ఉంటుంది, కింద బట్ట జరుగుతుంది, వరసగా కుట్లు పడతాయి. ఇక్కడ సూది అంటే భూమి లోపల ఒక వేడి చోటు. బట్ట అంటే పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న రాతి పలక. అది ఏడాదికి బెత్తెడు చొప్పున వాయవ్యానికి జరుగుతూ ఉంటుంది. ఒక్కో కుట్టూ ఒక్కో దీవి. వాయవ్యం చివరున్న కవాయి పాతది, 50 లక్షల ఏళ్ళది. ఆగ్నేయం చివరున్న బిగ్ ఐలాండ్‌కి 10 లక్షలు కూడా నిండలేదు, ఇంకా సూది కిందే ఉంది. అక్కడివాళ్ళ పాత కథలో పెలే అనే అగ్నిదేవత కవాయి వైపు నుంచి ఒక్కో దీవిలో గొయ్యి తవ్వుకుంటూ, అది నచ్చక ముందుకు పోతూ, చివరికి కిలవేయాలో కాపురం పెట్టింది. పలకల సంగతి ఏ పుస్తకంలోకీ ఎక్కకముందే వాళ్ళు వరస సరిగ్గా చెప్పారు చూడండి.

దీన్నిబట్టి మనకేం తెలిసింది? పాత దీవిలో వానలు లక్షల ఏళ్ళు కొండల్ని కోశాయి కాబట్టి లోయలు, జలపాతాలు, పచ్చదనం, మంచి ఇసక తీరాలు. కొత్త దీవిలో నల్ల రాయి, నిప్పు, విశాలం, ఇసక తక్కువ. కోనా ఎయిర్‌పోర్టులో దిగితే చుట్టూ మాడిపోయిన పెనంలాంటి నేల. బీచ్ కోసం వచ్చి, ‘ఇదేంటి బావా, బొగ్గుల గనిలో దించావు’ అని మా బావమరిది నన్ను తిట్టాడు. తప్పు వాడిది కాదు, నాది.

ఎండ వైపు, వాన వైపు

ఇది అందరూ వదిలేసే విషయం. కాస్త గట్టిగా చెబుతాను, ఎందుకంటే దీన్లో నా డబ్బులు పోయాయి. ఏ దీవి అన్నదానికంటే, దీవికి ఏ వైపు అన్నది ముఖ్యం. ఈశాన్యం నుంచి ఏడాది పొడుగునా గాలి వీస్తుంది. ఆ గాలి మబ్బుల్ని తెచ్చి కొండకి కొడుతుంది. కొండకి ఇటు వైపు వాన, అటు వైపు ఎండ. అంతే. ప్రతి దీవిలోనూ ఇదే. కవాయి నడిమధ్యలో వాయలేయలే అనే శిఖరం ఉంది, ప్రపంచంలో అతి ఎక్కువ వాన పడే చోట్లలో ఒకటి. సగటున ఏడాదికి 11 మీటర్ల వాన. మిల్లీమీటర్లు కాదండీ, మీటర్లు! అక్కడి నుంచి కొద్ది మైళ్ళు దక్షిణానికి దిగితే పొయిపూ, ఎండకి ఒళ్ళు చురుక్కుమంటుంది.

2019 డిసెంబరులో బిగ్ ఐలాండ్‌కి వెళ్ళినప్పుడు, హిలో అనే ఊళ్ళో కాండో, అంటే అద్దె ఫ్లాటు, చవగ్గా వచ్చింది. చవగ్గా ఎందుకు వచ్చిందని నేను అడగలేదు. మీరైనా అడుగుతారా? అడగరు. ఐదు రోజులు. ఐదు రోజులూ వాన. మా అమ్మానాన్నా ఆ ట్రిప్పుకి కూడా వచ్చారు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, ‘ఒరే, తణుకులో వాన ఇంకా బాగుంటుంది, పకోడీలన్నా వస్తాయి’ అంది. హిలో అమెరికాలోనే బాగా తడిసే ఊళ్ళలో ఒకటని తర్వాత తెలిసింది. కొండ దాటి కోనాకి వెళ్తే, గంటన్నర పైన ప్రయాణం, అక్కడ జనం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఐస్‌క్రీం తింటున్నారు.

కాబట్టి గది వెతికేటప్పుడు ఈ పేర్లు గుర్తు పెట్టుకోండి. ఎండ కావాలంటే ఒవాహులో వైకీకీ, కో ఒలీనా. మావీలో వైలేయా, కిహేయ్, కానపాలీ. కవాయిలో పొయిపూ. బిగ్ ఐలాండ్‌లో కోనా, కొహాలా. ఇంకోటి, చలికాలంలో ఉత్తరపు ఒడ్డుల్లో అలలు మూడంతస్తుల మేడంత లేస్తాయి. ఒవాహు నార్త్ షోర్‌లో సర్ఫింగ్ పోటీలు అప్పుడే. ఒడ్డున కూర్చుని చూడటానికి అద్భుతం. దిగటానికి కాదు. హవాయిలో సందర్శకుల ప్రాణాలు ఎక్కువగా పోయేది నీళ్ళలోనే. మనలో చాలామందికి ఈత అంటే కాలవలో నేర్చుకున్న ఈత. గోదావరి కాలవ వేరు, పసిఫిక్ వేరు. లైఫ్‌గార్డు ఉన్న బీచ్‌లోనే దిగండి, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోకండి.

ఎవరికి ఏది

ఒవాహు గురించి నేను చాలా ఏళ్ళు తక్కువగా మాట్లాడాను. ట్రాఫిక్, ఎత్తు మేడలు, దీనికోసం హవాయి ఎందుకు, లాస్ ఏంజిలిస్ పోవచ్చు కదా అనేవాణ్ణి. రాష్ట్ర జనాభా పద్నాలుగు లక్షల్లో పది లక్షల మంది ఆ ఒక్క దీవిలోనే ఉన్నారు మరి. కానీ ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే ఇప్పుడు నేను చెప్పేది ఒవాహునే. ఎందుకు? దూరాలు తక్కువ. రోడ్డు మీద మనుషులు కనబడతారు. సిటీ బస్సు బాగుంటుంది. వైకీకీలో హోటల్ పార్కింగే రాత్రికి నలభై యాభై డాలర్లు, కాబట్టి ఒకటి రెండు రోజులకి మాత్రమే కారు తీసుకోండి. శాకాహారులకి భోజనం దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళకి చూడ్డానికి కథ ఉన్న చోట్లున్నాయి.

మా నాన్న సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పెర్ల్ హార్బర్ పాఠం చెప్పిన మనిషి. 1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు బాంబులు వేసిన రేవు. అక్కడ అరిజోనా అనే యుద్ధనౌక మునిగిపోయిన చోటనే, దాని పైన తెల్లటి కట్టడం కట్టారు. పడవలో తీసుకెళ్తారు. ఆ ఒక్క ఓడలోనే 1,177 మంది పోయారు, చాలామంది ఇప్పటికీ లోపలే ఉన్నారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ ఓడలోంచి నూనె చుక్క చుక్కగా పైకి వస్తూనే ఉంటుంది. నీటి మీదికి రాగానే విచ్చుకుని ఇంద్రధనుస్సు రంగుల్లో పరుచుకుంటుంది. మా నాన్న కటకటాలు పట్టుకుని ఒంగి, ఒక చుక్క పైకి రావడం, పరుచుకోవడం, చెదిరిపోవడం చూశారు. తర్వాత ఇంకో చుక్క. పడవ వాళ్ళు పిలిచేదాకా కదల్లేదు. బయటికొచ్చాక, ‘తేదీ బోర్డు మీద రాసేవాణ్ణిరా, నూనె సంగతి నాకెవరూ చెప్పలేదు’ అన్నారు. టిక్కెట్టు ఉచితమే, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఒక్క డాలరు తీసుకుంటారు, కానీ ముందే అయిపోతాయి. చేతిసంచులు లోపలికి రానివ్వరు. మా అమ్మ పులిహోర డబ్బా ఉన్న సంచి బయట డబ్బులు కట్టి దాచాల్సొచ్చింది.

డౌన్‌టౌన్‌లో ఇయొలానీ ప్యాలెస్ కూడా చూపించండి. లిలిఉఒకలానీ రాణిని 1893లో గద్దె దించి, తర్వాత 1895లో ఆ ప్యాలెస్‌లోనే ఒక గదిలో బంధించారు. 1898లో దీవుల్ని అమెరికా కలుపుకుంది. ఈ కథ తెలియకుండా తిరిగితే, అక్కడివాళ్ళు కొన్నిసార్లు మనల్ని చూసి ఎందుకు ముభావంగా ఉంటారో అర్థం కాదు.

ఆ రాణి పేరు నేను తడుముకోకుండా పలికాను, గమనించారా? హవాయి మాట ప్రతిదీ అచ్చుతోనే ముగుస్తుంది, మన తెలుగులాగే. అజంత భాష. మా ఆఫీసులో అమెరికన్లు కలనియనఒలే హైవే అనడానికి మూడుసార్లు ఆగుతారు. మా అమ్మ బోర్డు చూసి టకటకా చదివేసింది. ఆ రాష్ట్రానికి చేప ఒకటుంది, దాని పేరు హుముహుమునుకునుకుఆపువఅ. ఏం? ‘కిష్కింధకాండలో వానర వీరుడి పేరులా ఉంది’ అన్నారు మా మామగారు.

మావీకి వద్దాం. మావీ గురించి రెండు మాటలు బాధగా చెప్పాలి. 2023 ఆగస్టు 8న లహైనా ఊరు కాలిపోయింది. వందమందికి పైగా పోయారు. 2016లో మేం ఆ ఊళ్ళో ఒక సాయంత్రం గడిపాం. ఊరి మధ్యలో మర్రిచెట్టు ఉంది. ఆ చెట్టు ఎక్కడిదో తెలుసా? ఇండియా నుంచి వెళ్ళింది. 1873లో ఎనిమిది అడుగుల మొక్కగా నాటారు. ఊడలు దిగి, అవే మానులై, ఒక వీధి మొత్తానికి నీడ ఇచ్చేది. మా అమ్మ ఒక ఊడ పట్టుకుని, ‘ఇది మనదేరా, దీన్ని ఇక్కడికెవరు తెచ్చారు’ అని నిలబడిపోయింది. మంటల్లో అది కూడా కాలింది. అందరూ పోయిందనుకున్నారు. నీళ్ళు పోశారు, ఎరువు పోశారు, రెండు నెలలు తిరక్కుండానే కొత్త ఆకు వేసింది. ఆ ఫోటో మా అమ్మకి వాట్సాప్‌లో పంపాను.

మావీ వెళ్ళొచ్చా అని అడుగుతారు. వెళ్ళొచ్చు, వెళ్ళాలి, వాళ్ళ బతుకుతెరువు అదే. కాలిపోయిన ఇళ్ళ ముందు కారాపి ఫోటోలు మాత్రం తీయకండి. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి, చిన్నపిల్లలున్నవాళ్ళకి మావీ దక్షిణం వైపు చాలా సుఖం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అలాస్కా నుంచి తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఆ నీళ్ళలోకే వస్తాయి. ఒడ్డున కూర్చుంటేనే కనబడతాయి, పడవ కూడా అక్కర్లేదు.

హానా అనే ఊరికెళ్ళే రోడ్డుకి మాత్రం వృద్ధుల్ని తీసుకెళ్ళకండి. ఆరు వందలకు పైగా మలుపులు, యాభై తొమ్మిది వంతెనలు, చాలావరకు ఒక్క బండి పట్టేవి. 2022లో మా మామగారిని తీసుకెళ్ళాను. నలభయ్యో మలుపు దగ్గర ఆయన మాట్లాడటం మానేశారు. వందో మలుపు దగ్గర కారు ఆపమన్నారు. తర్వాత ఏం జరిగిందో చెప్పను, భోజనాల వేళ.

హాలేయకలా కొండ మీద సూర్యోదయం చూస్తారు అందరూ. 3,055 మీటర్ల ఎత్తు. ఇప్పుడు దానికి ముందుగా రిజర్వేషన్ ఉండాలి, 2016లో ఉండేది కాదు. తెల్లవారుజామున రెండింటికి బయల్దేరాం. హవాయి కదా, వేడిగా ఉంటుంది కదా అని మా అమ్మ నేతచీర, శాలువా, కాళ్ళకి ఏమిటో చెప్పండి... హవాయి చెప్పులే! పైన దాదాపు సున్నా డిగ్రీలు, ఈదురుగాలి. హవాయి చెప్పులేసుకుని హవాయిలో గడ్డకట్టిన మనిషి మా అమ్మే అయ్యుంటుంది. హోటల్ దుప్పట్లు తెచ్చుకున్న జపాన్ దంపతులు ఒక దుప్పటి ఇచ్చారు. సూర్యోదయం మేం చూశాం, ఆవిడ దుప్పట్లో ఉంది.

పదేళ్ళు దాటిన పిల్లలుంటే, ప్రశ్నలడిగే పిల్లలుంటే, బిగ్ ఐలాండ్. ఇంకో ఆలోచన వద్దు. మిగతా దీవులన్నీ కలిపినా దాని కంటే చిన్నవే. ఒక్క రోజులో నల్ల ఇసక తీరం, దాని మీద పడుకున్న తాబేళ్ళు, అడవి, ఎడారి, మంచు. కిలవేయా మళ్ళీ లేచింది. 2024 డిసెంబరు 23న మొదలై ఆగి ఆగి చిమ్ముతోంది, 2025 సెప్టెంబరుకే ముప్పైసార్లు దాటింది. కొన్నిసార్లు ఆ ఫౌంటెన్ మూడు వందల మీటర్లు దాటి లేచింది. కానీ ఈమధ్య ఒక్కోసారి కొన్ని గంటలే, మహా అయితే ఒక రోజు. తర్వాత వారమో రెండు వారాలో నిద్ర. పెలే మీ సెలవు చూసుకుని చిమ్మదు. యు.ఎస్.జి.ఎస్., అంటే అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే వాళ్ళ సైటులో రోజూ రాస్తారు, వెళ్ళేముందు చూసుకోండి, రెండు మూడు రాత్రులు అగ్నిపర్వతానికి దగ్గర్లో గది తీసుకోండి. చిమ్మకపోయినా చీకటి పడ్డాక వెళ్ళండి. అక్కడి రాళ్ళు మాత్రం జేబులో వేసుకోకండి. పెలే శాపం తగిలిందని భయపడి, పార్కుకి రాళ్ళు పోస్టులో తిరిగి పంపేవాళ్ళున్నారు, క్షమాపణ ఉత్తరాలతో సహా.

మౌనా కెయా శిఖరానికి పదమూడేళ్ళలోపు పిల్లల్ని, గర్భిణుల్ని తీసుకెళ్ళొద్దంటారు, గాలి పల్చగా ఉంటుంది. 4,200 మీటర్లు. 2,800 మీటర్ల దగ్గర విజిటర్ స్టేషన్ ఉంది, నక్షత్రాలు చూడటానికి అది చాలు. పైన కట్టాలనుకున్న ముప్పై మీటర్ల టెలిస్కోపులో ఇండియాకీ వాటా ఉంది. 2019లో అక్కడి పెద్దవాళ్ళు దారికి అడ్డంగా కుర్చీలు వేసుకు కూర్చుని అరెస్టయ్యారు. వాళ్ళకి ఆ కొండ మనకి తిరుమల ఎలాగో అలాగ. టెలిస్కోపు మంచిదా చెడ్డదా నేను చెప్పను, పైకి వెళ్ళినప్పుడు గుట్ట మీద విహారంలా కాకుండా గుడికెళ్ళినట్టు మెలగండి, అంతవరకు చెప్పగలను.

చివరికి నాకిష్టమైంది చెబుతాను. కవాయి. ఈ మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాను, ఒక్క దీవి, ఏడు రాత్రులు, పొయిపూలో వంటగది ఉన్న కాండో. అమ్మ పప్పు వండింది, ఆవకాయ ఇంటి నుంచే వచ్చింది. ‘నా పాలి’ అనే కొండలు సముద్రంలోంచి నిటారుగా లేస్తాయి, అందుకే దీవి చుట్టూ రోడ్డు లేదు, ఉత్తరాన ఒకచోట ఆగిపోతుంది, పడమట ఇంకోచోట ఆగిపోతుంది. వైమేయా లోయ ఎర్రటి మట్టితో, పైదాకా కారులోనే వెళ్ళొచ్చు. మోకాళ్ళకి శ్రమ లేదు. హనలేయ్‌లో చేమదుంప మడులు చూసి మా నాన్న వరి చేలనుకున్నారు. ఆ చేమదుంపని ఉడికించి, దంచి, పోయ్ అని తింటారు. అమ్మ ఒక స్పూను తిని, ‘ఉప్పు మర్చిపోయారు’ అంది.

ఆ దీవి నిండా కోళ్ళు. ఎవరివీ కావు. 1992 తుఫానులో గూళ్ళు చెదిరి అడవిలో కలిశాయంటారు. బీచ్‌లో, పార్కింగ్‌లో, గుడి దగ్గర, ఎక్కడ చూసినా పుంజులే. మా నాన్న సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో బెంచీ మీద కూర్చుని, ‘అది డేగ. అది కాకి. ఆ చివరది నెమలి, దాని నడక చూడు’ అని మా పిల్లలకి చూపిస్తున్నారు. సంక్రాంతి పందేలు చూసిన కన్ను కదా. మా చిన్నాడు అన్నీ ఫోనులో రాసుకున్నాడు. మేం సామాను కొనుక్కుని గంట తర్వాత వచ్చినా ఇద్దరూ కదల్లేదు. వైమేయా లోయ గురించి మా వాడిప్పుడు ఏమీ చెప్పడు, డేగకీ కాకికీ తేడా మాత్రం చెబుతాడు.

అమ్మకి మాత్రం గుడి. వైలువాలో శైవ మఠం ఉంది, 1970లో ఒక అమెరికన్ స్వామి పెట్టింది. కొత్త గుడి ఇరైవన్, తెల్ల గ్రానైటు రాళ్ళు బెంగళూరు దగ్గర చేత్తో చెక్కి, ఓడల్లో తెచ్చి కట్టారు. 2023లో కుంభాభిషేకం అయింది. లోపల స్ఫటిక లింగం. వేళలు, బుకింగు ముందే చూసుకుని వెళ్ళండి, ఎప్పుడంటే అప్పుడు రానివ్వరు. తెల్ల స్వాములు చక్కగా రుద్రం చెబుతుంటే అమ్మ నా వైపు తిరిగి చూసిన చూపు... నాకు రాదు కదా, అదీ సంగతి.

మొలకాయి, లనాయి అనే చిన్న దీవుల గురించి కూడా అడిగారు. లనాయిలో 98 శాతం 2012లో ఒరాకిల్ లారీ ఎలిసన్ కొనేశాడు. ఒరాకిల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే మీ బాసుగారి ఊరే, డిస్కౌంటు అడగండి. మొలకాయిలో ట్రాఫిక్ లైటు ఒక్కటి కూడా లేదు, టూరిస్టులు ఎక్కువ రాకూడదనే వాళ్ళ కోరిక. గౌరవిద్దాం.

డబ్బుల మాట ఒక్కటి. గది అద్దె మీద పన్నులు కలిపితే 2025లో పద్దెనిమిది శాతం దగ్గర ఉంది, 2026 జనవరి నుంచి ఇంకో ముప్పావు శాతం ఎక్కువ. సైటులో మొదట కనబడే రేటు చూసి మురిసిపోకండి. ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు, అక్టోబరు చవక. క్రిస్మస్ వారం మాత్రం...

ఏమిటమ్మా? చెయ్యెత్తారు, చెప్పండి. క్రిస్మస్‌కి బుక్ చేసేశారా? ఎక్కడ? హిలోనా! నవ్వకండి, నవ్వకండి, ఆవిడ కంగారు పడుతున్నారు. ఎన్ని రాత్రులు? ఐదు. రద్దు చేసుకునే వీలుందా? సగానికి ఉంది. అయితే బాగుంది, మొత్తం రద్దు చెయ్యొద్దు. నేను హిలోని ఇందాక ఎక్కువ తిట్టాను. అగ్నిపర్వతానికి అక్కడి నుంచి ముప్పావు గంటే. మొదటి మూడు రాత్రులు అక్కడ ఉండండి, చీకటి పడ్డాక కొండెక్కండి, చివరి రెండు రాత్రులు కోనాకి మారండి. గొడుగు కాదమ్మా, రెయిన్‌కోటు. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. స్వెటర్లు కూడా పెట్టుకోండి, అత్తగారొస్తున్నారా? అయితే ఆవిడకి బూట్లు కొనండి.